నల్లపాటి ఆటపెట్టె

గుంటూరు సీమలో ఏండ్ల తరబడి మూలబడియున్న ఏ యంత్రమునైనను విప్పి చూచినచో దాని గర్భమున రెండు వస్తువులు తప్పక కానవచ్చును: జిన్నింగు మిల్లుల నుండి గాలికెగిరి వచ్చిన పత్తి నూగు ఒకటి, మిర్చి టిక్కీలను, అనగా బస్తాలను, ఎత్తి దించునపుడెల్ల లేచెడి ఎఱ్ఱని దుమ్ము రెండవది. నూగు ముందుగా చేరి తీగలకును సందులకును అంటుకొనును. దుమ్ము దానిపై వ్రాలి, శ్రావణ భాద్రపదముల చెమ్మకు తడిసి, వేసవి యెండకు ఆఱి, మఱల తడిసి, తుదకు గోకినగాని ఊడిరాని పొరయై గట్టిపడును. నల్లపాటిలో మా బాబాయిగారి పశువుల కొట్టమునందు, చొప్ప మోపుల వెనుక గోనెపట్టాలు కప్పుకొని నిలిచియున్న వీడియో ఆటపెట్టెను వెలికిదీసి వెనుక తలుపు ఊడదీసినపుడు మాకు మొట్టమొదట ఎదురైనది ఈ పొరయే. టీవీ మెకానిక్కు బ్లోయరు పెట్టి ఒక్కమాఱు ఊదగానే ఘాటు పైకి లేచి, కొట్టములోని వారందఱును దగ్గుచు వాకిటికి పరుగెత్తవలసి వచ్చెను. కట్టుగొయ్యనున్న గేదె సైతము ముట్టెనెత్తి తుమ్మెను. పిమ్మట ముక్కులకు తువ్వాళ్లు బిగించుకొని, బ్లోయరును ప్రక్కకు పెట్టి, గోడలకు రంగులు వేసెడి కుంచెలతో నూగును దువ్వి దువ్వి తీసినారము. అడుగున ఎలుక కట్టుకొన్న గూడు కూడ పత్తిదే. గూటి చుట్టును మిరప గింజలు రాలియున్నవి. అంత ఘాటు నడుమ ఆ ప్రాణి ఎట్లు కాపురముండెనో, తీగలనెట్లు కొఱికెనో తెలియదు.

ఈ పెట్టె ఏ విదేశపు కర్మాగారము నుండియు వచ్చినది కాదు. ప్లైవుడ్డు పలకలను కోసి మేకులు దిగగొట్టి, పైన ఎఱుపు నలుపు సన్మైకా అతికి, లోపల అడ్డుచెక్కలపై రంగుల టీవీ గొట్టము నొకదానిని వాలుగా నిలిపి మన వడ్రంగులు చేసినదే. సముద్రము దాటి వచ్చినది లోపలి గేమ్ బోర్డు మాత్రమే. 1978లో జపాను దేశమున తైతో సంస్థకై తొమొహిరో నిషికాదో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్, 1980లో నామ్కోవారు వెలువరించిన ప్యాక్‌మ్యాన్ లోకమంతటను నాణెపు ఆటలకు వ్యాప్తి కల్పించినవి కాని, ఆ తొలినాళ్లలో ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క తీరు తీగల అమరిక యుండెడిది. ఆట మార్చవలెనన్నచో లోపలి అల్లిక యంతయు మార్చుకొనవలసినదే. 1985లో జపాను ఆటయంత్రముల తయారీదారుల సంఘమువారు, జమ్మా అను పొడిపేరు గలవారు, ఒక కట్టడి చేసిరి: ఒక్కొక్క వైపున 28 చొప్పున 56 కొనలు గల ఒకే తీరు అంచు, ఆ అంచునకు సరిపోవు ఒకే తీరు సాకెటు. ఏ కొన నుండి చిత్రమునకు ఎఱుపు రంగు వెడలవలెనో, ఏ కొనకు 5 వోల్టులు రావలెనో, ఏ కొన రెండవ ఆటగాని బటనునకు చెందవలెనో సమస్తమును నిర్ణయింపబడినది. ఈ నిర్ణయమే లేకున్నచో గుంటూరు వడ్రంగి చేసిన పెట్టెలో ఒసాకా నగరపు క్యాప్‌కామ్ సంస్థవారి ఆట నడచుట కల్ల. ఎన్నడును ఒకరినొకరు చూడని ఇద్దఱు పనివారు ఒక కొలతను నమ్మి చేసిన వస్తువులు ఇక్కడ రేకుల గదిలో కలిసికొన్నవి. ఆ సంగతి తలచుకొనునపుడెల్ల నాకు ఆ సాకెటుపై గౌరవము కలుగును.

రేకుల గది యనగా 1990 దశకము నడుమ స్టేషనుకు పోవు త్రోవలో మా బాబాయి నడిపిన ఆటల కొట్టు. నల్లపాడు అప్పటికింకను పంచాయతీయే. గుంటూరు నగరపాలక సంస్థలో కలిసినది 2012లో. నరసరావుపేట రోడ్డు ప్రక్కన, నంద్యాల వైపు ఒక మార్గమును నడికుడి వైపు మఱియొకటియు చీలెడి రైలు కూడలి అగుటచేత, బండికై వేచియుండువారు, మిర్చి యార్డుకు సరుకు తోలుకొని వచ్చి ఖాళీ బండితో మరలువారు, పత్తి మిల్లులలో దినకూలి చేయువారు, వీరి పిల్లలు, ఆ దారిని సందడి యెప్పుడును ఉండెడిది. గదికి కిటికీ లేదు. తెరపై బొమ్మ స్పష్టముగా కనబడుటకై దీపము ఆర్పి, గుమ్మమునకు నల్లని దుప్పటి వ్రేలాడదీసెడివారు. లోపల నాలుగు పెట్టెలు, ఒక బల్లపంకా, వేంకటేశ్వరస్వామి క్యాలెండరు, దాని క్రింద అగరువత్తి, మూలలో టిక్కుటిక్కు మని కొట్టుకొనుచు ఉండెడి స్టెబిలైజరు. కరెంటు మన పల్లెలలో నిలుకడ లేనిది గదా. ఆట మొదటి అంకములోనే కరెంటు పోయినచో రూపాయి బిళ్ల తిరిగి ఇచ్చుట, అటు దాటిన పిమ్మట పోయినచో ఇయ్యకుండుట బాబాయి పెట్టిన ధర్మము. ఎవరును దానిని కాదనలేదు. బడి వేళలలో యూనిఫారముతో గుమ్మము దాటిన వాని చెవి పట్టుకొని, “ఏరా, బడి లేదా నీకు? మీ నాయన ఇటే వస్తాడు, చెప్పమంటావా?” అని వెలుపలికి నడిపించెడివాడు. తండ్రులు కొట్టునకు నిప్పంటింపకుండుటకు ఈ ఒక్క నియమమే కారణమని ఆయన నేటికిని నమ్ముచున్నాడు.

ఆటలలో రాజు ముస్తఫా. 1993లో క్యాప్‌కామ్‌వారు విడుదల చేసిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మార్క్ షుల్ట్జ్ అను అమెరికా చిత్రకారుని బొమ్మల కథ దానికి మూలము. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అను నలుగురు కథానాయకులలో పసుపుపచ్చ టోపీ పెట్టి గాలిలోకెగిరి తన్నెడి ముస్తఫా మన పిల్లల మనస్సును హరించెను. భారతదేశమంతటను ఆ ఆటకు అతని పేరే స్థిరపడినది. 1996లో ప్రేమదేశం సినిమా పాటలు ఊరూర మ్రోగుచుండగా, ఆ పాటలలోను అదే పేరుండుట చేత మా కొట్టులోని సందడికి హద్దు లేకపోయినది. మొత్తము ఎనిమిది అంకములు. మూడవ అంకములో కారు తోలవలెను. పొలములలో నాగలి పట్టిన పిల్లవానికి, లారీ క్యాబినులోకైనను ఎక్కియెఱుగని వానికి, ఆ కొలది నిమిషముల కారు ప్రయాణమే రూపాయికి సరిపోయెడిది. కథ మాలో ఎవనికిని తెలియదు. తెరపై వచ్చు ఇంగ్లీషు వాక్యములను చదువుటకు ఓపిక గలవాడు లేడు. తెలియని కథకు మేమే కథ కట్టుకొంటిమి. డైనోసారును కొట్టినచో కోపము వచ్చుననియు, కొట్టక విడిచినచో అది శత్రువులనే తరుముననియు కనుగొన్నవాడు మా ఊరి చాకలివారి పిల్లవాడు. అతడు చెప్పిన తెలివి రెండు దినములలో చుట్టుప్రక్కల పల్లెలకు ప్రాకినది.

రూపాయి ఎక్కడనుండి వచ్చెడిది అనునది చెప్పకున్నచో ఈ వృత్తాంతము అసంపూర్ణమగును. మాఘ ఫాల్గునములలో కల్లములు ఎఱుపెక్కి, మిరపకాయలు ఎండి, కోల్డు స్టోరేజీలకును యార్డుకును తరలెడి వేళ, తొడిమలు తీయుటకు ఆడవారును పిల్లలును కూలికి పోయెడివారు. సంచి చొప్పున లెక్కగట్టి ఇచ్చిన కూలిలో తల్లి చేతినుండి జారిన ఒక రూపాయి సాయంత్రమునకు మా కొట్టు చేరెడిది. అయితే తొడిమలు తీసిన వ్రేళ్లకు మంట పోదు. ఆ వ్రేళ్లతో నొక్కిన బటనును మఱియొకడు నొక్కి, చెమటకు కన్ను తుడుచుకొన్నచో వానికి ఆట ఏమి కనబడును? మిరప మంట నీటికి లొంగునది కాదు, నూనెకే లొంగును. అందుచేత బాబాయి గుమ్మము ప్రక్కన కొబ్బరినూనె సీసాయు, పాత పంచె ముక్కయు ఉంచి, వ్రేళ్లు తుడుచుకొన్న పిమ్మటనే లోనికి రానిచ్చెడివాడు. ఆశ్వయుజము దాటిన తరువాత పత్తి తీత మొదలయ్యెడిది. ఆ దినములలో మంట లేదు గాని కాయ తొడిమల మొనలు గీచిన గాట్లు పిల్లల వ్రేళ్ల నిండ నుండెడివి. పంట యెట్లో కొట్టు రాబడియు అట్లే. ఆంధ్రదేశమున ఎందఱో రైతుల ప్రాణములు తీసిన 1997-98 పత్తి నష్టము నాడు పెట్టెలు వెలుగుచునే యున్నవి, బిళ్లలు మాత్రము పడలేదు. అయినను గది నిండియే యుండెడిది.

బిళ్ల లేకున్నను గది నిండుట ఎట్లు? ఇక్కడనే ఆ కాలమునకును ఈ కాలమునకును నేను చూచిన భేదమున్నది. ఆడువాడు ఒకడు, చూచువారు పదుగురు. చూచుట ఊరకే నిలుచుట కాదు. ఇరువైపుల ఒదిగినవారు రాబోవు ఆపదను ముందే కేకవేసి చెప్పవలెను. వెనుకవాడు ముందువాని భుజముపై గడ్డమానించి ఏ మూల బరిసె దాగియున్నదో గుర్తుచేయవలెను. నేర్పరి ఆడునప్పుడు నోరు మూసికొని చూచి నేర్చుకొనవలెను. బిళ్ల ఉన్నవాడు దానిని తెర క్రింది గాజు అంచున వరుసలో పెట్టెడివాడు. ఆ వరుసయే వంతు, ఇతరుని బిళ్లను ఎవడును ముట్టలేదు. బిళ్ల లేనివాడు చివరి అంకము దారి తెలిసినవాడైనచో రాజభోగము, వానిని పిలిచి ప్రక్కన నిలుపుకొనెడివారు. ఇట్లు డబ్బు లేనివానికి సైతము ఆ గదిలో ఒక పీఠముండెడిది, ఒక మాట చెల్లెడిది. కులము, వీధి, బడిలోని తరగతి ఇవి గుమ్మము వెలుపలనే నిలిచిపోయెడివని నేననను. అవి ఎక్కడ నిలిచినవి? కాని తెర వెలుగు పడిన ముఖములపై వాటి ఊసు కొంతసేపైనను మఱుగుపడుట నేను కన్నులార చూచితిని.

తరువాతి కథ క్లుప్తము. ఇంటి టీవీకి తగిలించెడి క్యాసెట్టు ఆటలు వచ్చినవి. 2000 దాటిన పిమ్మట గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్లు వెలసినవి. తుదకు ఫోను వచ్చి అందఱి చేతులలో కూర్చున్నది. మూడు పెట్టెలు పాతసామానుల బండికి పోయినవి. నాలుగవది ముస్తఫా ఉన్న పెట్టె అగుటచేత బాబాయికి చేతులు రాక, కొట్టమునకు తోలించెను.

మెకానిక్కు అఱువదికి దగ్గఱవాడు. నాడు ఈ పెట్టెలను బాగుచేసినదియు ఆయనయే. సంచి దించి, స్క్రూడ్రైవరు కొనకు తీగ చుట్టి, తీగ రెండవ కొనను ఇనుప చట్రమునకు కట్టి, గొట్టము వీపుననున్న రబ్బరు టోపీ క్రిందికి మెల్లగా దూర్చెను. “చేతులు వెనక్కి పెట్టు బాబూ. ఎన్నేళ్ళయినా దీన్ని నమ్మకూడదు,” అనెను. రంగుల గొట్టములో ఇరువదివేల వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలువయుండును. ఆపివేసిన తరువాతను కొంత మిగిలియుండవచ్చును గనుక, చప్పుడు వచ్చినను రాకున్నను ఈ పని చేయక ఆయన ఏనాడును టీవీలో చేయి పెట్టలేదట. అటుపిమ్మట ఇ.హెచ్.టి. అను అధిక వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు చుట్టునున్న జిడ్డును స్పిరిటుతో కడిగి, పొట్టలుబ్బిన కండెన్సర్లనన్నిటిని వేలితో తడిమి చూపించి, ఒక్కొక్కటే పెఱికి క్రొత్తవి అతికెను. ఎలుక కొఱికిన తీగలకు ముక్కలు కలిపి సోల్డరు చేసెను.

గేమ్ బోర్డు వంతు వచ్చినది. అంచున ఉన్న రాగి కొనలు నల్లబడి చిలుముపట్టియున్నవి. బడిపిల్లల పెన్సిలు రబ్బరుతో, గట్టిగా అదుమక, ఒకే దిక్కుగా రుద్దుచుండగా నలుపు పొడియై రాలి, క్రింది నుండి కొనలొక్కటొక్కటిగా మెఱయసాగినవి. ఈ పని నాకప్పగింపబడినది, నేను దానిని మధ్యాహ్నమంతయు సంతోషముగా చేసితిని. ఇది నకలు బోర్డు. క్యాప్‌కామ్‌వారి అసలు బోర్డులో ధ్వని భాగపు ప్రోగ్రాము గూఢలిపిలో యుండును. ఆ లిపి తాళపుచెవిని ఒక చిన్న బ్యాటరీ కాపాడును. బ్యాటరీ నీరసించినచో చెవి పోవును, బోర్డు పనికిరాకుండ పోవును. నకలు చేసినవారు ఆ తాళమును ముందే తీసివేసిరి. పరుల శ్రమను దొంగిలించుట న్యాయమని నేననను. కాని ఆ దొంగతనమే లేకున్నచో రూపాయి ధరకు ఆ ఆట మా ఊరు చేరెడిది కాదు, ఇన్నేండ్లు కొట్టములో పడియుండి నేడు లేచెడిదియు కాదు. ఈ రెండు సంగతులును నిజములే.

మొదటిసారి కరెంటు పెట్టినపుడు తెర నడుమ తెల్లని అడ్డగీత ఒక్కటే వెలిగినది. “వర్టికల్ లేదన్నా,” అని మెకానిక్కు బాబాయితో చెప్పి మఱల కూర్చుండెను. బొమ్మను పైకి క్రిందికి సాగదీయవలసిన భాగము పనిచేయకున్నచో చిత్రమంతయు ఒక్క గీతగా కుదియును. అందులో ఒక ఐసీ మార్చగా బొమ్మ విచ్చుకొన్నది. ఒక మూల పచ్చగాను, మఱియొక మూల ఊదాగాను మచ్చలున్నవి. గొట్టములోని లోహపు జల్లెడ అయస్కాంతపు గుణము పట్టుటచేత రంగులు దారి తప్పునట. తీగ చుట్టిన వలయమునొకదానిని కరెంటుకు తగిలించి ఆయన తెర ముందు గుండ్రముగా త్రిప్పుచు, త్రిప్పుచు మెల్లగా వెనుకకు నడువగా, మచ్చలు అలలుగా కదలి, చెదరి, మాయమైనవి. పోని మచ్చ ఒకటున్నది. ఏండ్ల తరబడి బిళ్ల వేయుమని అడుగు అక్షరములు ఒకే చోట వెలిగి వెలిగి గొట్టపు లోపూతను కాల్చివేసినవి. ఇప్పుడు ఏ బొమ్మ నడచినను దాని వెనుక ఆ ఇంగ్లీషు మాటలు నీడగా కనబడుచునే యుండును. దానికి మందు లేదు, గొట్టము మార్చుట తప్ప. అట్టి గొట్టములు నేడు ఎవరును తయారుచేయుట లేదు.

చెక్క పని నడుమ నాకును బాబాయికిని అభిప్రాయభేదము కలిగినది. అడుగు పలకలు చెమ్మకు నాని చెదలు పట్టినవి. వానిని కోసివేసి వేప చెక్కతో కాళ్లు కట్టించుటకు ఇద్దఱమును సమ్మతించితిమి. సన్మైకాను కుంకుడు రసముతో కడిగినపుడు, రెండు ప్రక్క పలకల మీదను, పండ్రెండు పదునాలుగేండ్ల పిల్లవాని భుజమంత ఎత్తున, రంగు పూర్తిగా అరిగి లోపలి గోధుమరంగు కాగితపు పొర బయటపడియుండుట కనబడెను. కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి, అరచేయి వెడల్పున. ఆడువాడు నిలుచునది ముందు గదా, ప్రక్కల అరుగుట దేనికని మెకానిక్కు అడిగెను. చూచినవారు ఆనుకొన్న చోట్లవి. ఏండ్ల తరబడి బిళ్ల లేని పిల్లలు ఒరగి నిలిచి, కేకలు వేసి, ఉద్వేగముతో రుద్దుకొనిన భుజములు చేసిన అరుగుదల అది. క్రొత్త సన్మైకా వేసి పెట్టెను పెండ్లికొడుకును చేయవలెనని బాబాయి పట్టుదల. ఆ రెండు చోట్లను ముట్టరాదని నా పట్టుదల. బటన్లపై అరుగుదల అన్ని యంత్రములకును ఉండును, అది డబ్బిచ్చినవాని గుర్తు. ఈ ప్రక్కల అరుగుదల డబ్బియ్యని వారిది, వారికి మఱియొక గుర్తు ఎక్కడను మిగులలేదు అని వాదించితిని. ఆయన పలకపై చేయి వేసి నిమిరి, “సరేలే, ముందువైపు మాత్రం వేయించు,” అనెను.

నాణెముల పెట్టె తెఱచినపుడు అడుగున ధాన్యపు కంకుల ముద్ర గల రూపాయి బిళ్లలు కొన్ని దొరకినవి. 1992 నుండి వచ్చిన ఆ ఉక్కు బిళ్ల బరువు 4.85 గ్రాములు, అంతకు ముందటి రాగి నికెలు బిళ్ల 6 గ్రాములు. బరువు తగ్గినపుడు బాబాయి బిళ్ల జారెడి త్రోవలోని మీటకున్న స్ప్రింగును స్వయముగా వంచి సరిచేసికొన్నాడట. 2011లో వచ్చిన బిళ్ల ఇంకను చిన్నది, 4 గ్రాములైనను లేదు. అది మీటను ముట్టకయే అడుగునకు జారిపోవుచున్నది. స్ప్రింగును మఱల వంచుటకు ప్రయత్నించితిమి గాని ఆ పాత ఇనుము విఱుగునేమో యని మెకానిక్కు మానిపించెను.

అందుచేత ప్రస్తుతమునకు ఏర్పాటు ఇది: సాయంకాలము వసారాలో పెట్టె వెలిగించి, బాబాయి ఆ పాత బిళ్లలను వచ్చిన పిల్లలకు తానే చేతికిచ్చి, ఆట ముగిసిన పిమ్మట తాళము తీసి లెక్కపెట్టి పుచ్చుకొనుచున్నాడు. పిల్లలు మొదట తెరను వ్రేలితో తోసి చూచి, కదలకపోగా బటన్లకు దిగినారు. రెండవ ఆటగాని ఎగురుడు బటను ఇంకను పలుకుట లేదు. లోపలి మైక్రోస్విచ్చు చచ్చినది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో అట్టివి దొరకునని మెకానిక్కు చెప్పినాడు. మిర్చి సీజను ముగిసి చేతిలో పని తగ్గగానే పోయి తెచ్చెదనన్నాడు. అంతవరకు ఒకడే ఆడవలెను, తక్కినవారు ప్రక్కన నిలువవలెను.